జియోలైట్ నమూనా యంత్రంలోకి వెళ్లే ముందు

వరంగల్ చుట్టూ ఎక్కువగా గ్రానైటే. జియోలైట్లు (నిర్మాణంలోనే నీటిని ఇముడ్చుకున్న ఖనిజాలు) కావాలంటే ఆదిలాబాద్ వైపు దక్కన్ బసాల్ట్ రాతి గుల్లల్లో వెతకాలి. దొరికిన చోటే గాలి చొరని డబ్బాలో పెట్టండి. లామోంటైట్ అనే జియోలైట్ తేమ లేని గాలిలో నీరు కోల్పోయి పొడిపొడిగా రాలుతుంది, ఎక్స్‌రే యంత్రం గీసే గ్రాఫులో దాన్ని గుర్తుపట్టే శిఖరాలూ పక్కకు జరుగుతాయి.

నారపోగుల్లాంటి తెల్లని స్ఫటికాలు కనిపిస్తే ఆగండి. అది ఎరియోనైట్ అనే జియోలైట్ కావచ్చు. దాని పోగులు పీలిస్తే ఊపిరితిత్తుల పొరకు క్యాన్సర్ రావచ్చు. గుడ్డ మాస్కు, ఎన్95 చాలవు. పీ100 ఫిల్టరున్న రెస్పిరేటర్ పెట్టుకుని, ఫ్యూమ్ హుడ్ (గాలిని బయటికి లాగే గూడు) లోపల, తడిపి మాత్రమే నూరండి. ఈ ఒక్క విషయంలో తొందర వద్దని ప్రతి విద్యార్థినీ బతిమాలుతాను.

కాల్సైట్ అనే వేరే ఖనిజం అంటుకుని ఉంటే దాన్ని కరిగించడానికి యాసిడ్ పోయవద్దు, నాట్రోలైట్ వంటి జియోలైట్లు జిగురుగా మారిపోతాయి. సూదితో ఓపికగా విడదీయండి.

- అగేట్ కల్వంలో ఆల్కహాల్ వేసి కొద్దిసేపే నూరాలి. అతిగా నూరితే స్ఫటిక నిర్మాణమే చెడుతుంది.
- హ్యూలాండైట్, స్టిల్బైట్ అనే జియోలైట్లు పలకలుగా చీలతాయి. యంత్రంలో పెట్టే పళ్లెంలో పొడిని పైనుంచి అదమకుండా వెనుక నుంచి నింపండి. లేకపోతే కొన్ని శిఖరాలు అబద్ధపు ఎత్తు చూపిస్తాయి.
- యంత్రం సరిగా చూపుతోందో తెలియడానికి, రాగి నుంచి వచ్చే ఎక్స్‌రే కిరణాలతో సిలికాన్ శిఖరం 28.44 డిగ్రీల వద్ద ఉందో లేదో చూడండి.

హ్యూలాండైట్, దాని దగ్గరి జియోలైట్ క్లినోప్టిలోలైట్‌ల శిఖరాలు దాదాపు ఒకేచోట వస్తాయి. అందుకే పొడిలో సగం దాచండి. దాచిన సగాన్ని రాత్రంతా 450 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచితే హ్యూలాండైట్ నిర్మాణం కూలుతుంది, క్లినోప్టిలోలైట్ నిలుస్తుంది.

పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) పరీక్షకు నమూనాతో కలిపి బిళ్లగా నొక్కే పొటాషియం బ్రోమైడ్ ఉప్పు వానాకాలంలో తేమ పీలుస్తుంది. అప్పుడు గ్రాఫులో 3400, 1630 సెం.మీ.⁻¹ దగ్గరి నీటి పట్టీలు ఖనిజానివో ఉప్పువో చెప్పలేం. ఉప్పును ఆరబెట్టి, ముందు నమూనా లేని ఖాళీ బిళ్లను కొలవండి. నమూనాను మాత్రం ఆరబెట్టకండి, దాని సొంత నీరు పోతుంది.