స్వీయ ప్రచురణ – నాలుగో పాఠం: ఐదు వందల ప్రతుల పద్దు

గత పాఠంలో వెల, ముఖచిత్రం నిర్ణయించుకున్నాం. ఇప్పుడు అచ్చాఫీసు నుంచి ఐదు వందల ప్రతులు కట్టలు కట్టలుగా ఇంటికి చేరాయనుకుందాం. ప్రచారం అనగానే మనలో చాలామందికి ముందుగా ఆవిష్కరణ సభ గుర్తుకు వస్తుంది. సభ పెట్టుకోవడంలో తప్పు లేదు గాని, వేదిక మీది పెద్దలకూ, మొహమాటానికి వచ్చిన బంధుమిత్రులకూ ఉచితంగా పంచితే ఒక్క సాయంత్రంలోనే నూరు ప్రతులు ఖర్చయిపోతాయి, చదివినవారెవరో మనకు తెలియనే తెలియదు. అందుకని కట్టలు విప్పకముందే ఒక నోటు పుస్తకం తెరవండి. ఒక్కొక్క ప్రతిని ఎవరికి, ఏ తేదీన, ఎందుకు ఇచ్చాం, బదులుగా ఏం వచ్చింది అని నాలుగు గళ్లు గీయండి.

పద్దులో మొదటి నాలుగు ప్రతులు చట్టానివి. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజులలోగా కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీలలోని మూడు గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపాలి. రచయితే ప్రచురణకర్త అయినప్పుడు ఆ బాధ్యత కూడా ఆయనదే. తరువాతివి సమీక్ష ప్రతులు. పత్రికలు సాధారణంగా రెండేసి అడుగుతాయి. పంపి ఊరుకోండి, వారం వారం ఫోన్ చేసి అడిగే రచయిత పుస్తకం పైకి రావడం నేనెన్నడూ చూడలేదు.

ఇక అసలు లెక్క. నూట అరవై పేజీల డెమ్మీ సైజు పుస్తకానికి వెల 150 రూపాయలు, అచ్చు ఖర్చు ప్రతికి 70 అనుకుందాం. దుకాణానికి నలభై శాతం కమీషన్ ఇస్తే చేతికి వచ్చేది 90, అదీ అమ్ముడైన తరువాతే. పంపిన ఖర్చు, తిరిగి తెచ్చుకునే ఖర్చు మనవే. అదే పాఠకుడికి నేరుగా పంపితే సంగతి వేరు. 2025 మే 1న తపాలా శాఖ పుస్తకాలు పంపడానికి మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. మన పుస్తకం రెండు వందల గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, కవరు ఖర్చు పోను 120 రూపాయలైనా మిగులుతాయి. దుకాణాలు వద్దని కాదు, పుస్తకం కంటికి కనబడాలంటే అవీ కావాలి. కాని మొదటి రెండు వందల ప్రతులు చేతి మీదుగా పోవాలన్నది నా అభిప్రాయం.

నేరుగా అమ్మాలంటే అడగడం రావాలి, మనకు మొహమాటమంతా అక్కడే. ‘నా కథా సంపుటి వెలువడింది, ఆదరించగలరు’ అని వాట్సాప్‌లో మూడు వందల మందికి ఒకేసారి పంపితే మూడు వందల నమస్కారాల బొమ్మలు వస్తాయి. దానికి బదులు ఒక్కరికి ఇలా రాసి చూడండి: ‘మాష్టారూ, మీరు ఇదివరకు చెప్పిన చెరువు గట్టు తగాదా వంటిదే ఈ పుస్తకంలో మూడో కథ. మొదటి పేజీ ఫొటో పెడుతున్నాను. నచ్చితే 150 రూపాయలు ఈ నంబరుకు ఫోన్‌పే చేసి, చిరునామా పంపండి. ఎల్లుండి పోస్టులో వేస్తాను.’ ఇందులో ఆయనకు సంబంధించిన విషయం ఉంది, వెల ఉంది, ఏం చేయాలో ఉంది. రోజుకు ఐదుగురికి మించి రాయలేరు, రాయనక్కరలేదు కూడా.

ఆ నంబరు విషయంలో ఒక జాగ్రత్త. నా మొదటి పుస్తకంలో ‘ప్రతులకు’ అన్న చోట ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. ప్రూఫు దిద్దింది నేనే; కథల్లో అరసున్నలు సైతం వెదికాను గాని, సొంత నంబరు కదా అని చూడలేదు. ఎవరో అపరిచితుడు ఆరు నెలల పాటు నా పుస్తకం గురించి ఫోన్లు అందుకున్నాడు. చివరికి ప్రతి ప్రతిలోనూ చీటీ అంటించాను.

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరిలో జరుగుతాయి కాబట్టి నవంబరుకు ప్రతులు సిద్ధంగా ఉండాలి. స్టాలు అద్దె ఒక్కరికి బరువు. నలుగురు రచయితలు కలిసి పంచుకోవచ్చు. అక్కడ ఎలా నిలబడాలి, ఎంత మాట్లాడాలి అన్నది ఐదో పాఠం.

అభ్యాసం: మీ పుస్తకం చదవగలరని నిజంగా నమ్మే ముప్పై మంది పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన, ఆ మనిషికి పుస్తకంలో ఏ పేజీ చూపిస్తారో ఆ పేజీ సంఖ్య వేయండి. సంఖ్య వేయలేని పేర్లు కొట్టివేసి, మిగిలినవారిలో మొదటి ఐదుగురికి రేపే రాయండి.