కచేరీకి ముందు క్లారినెట్ మౌత్‌పీస్ మారుస్తున్నారా? ఇవి చూసుకోండి

కచేరీ వారంలోకి వచ్చేసిందంటే క్లారినెట్ మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే భాగం, జోలికి వెళ్లకండి. ఇంకా వ్యవధి ఉండి మార్చాలనుకుంటే, దానికి బిగించే, ఊదితే కంపించే పలుచని రెల్లు ముక్కని, అదే రీడ్‌ని, కూడా దానితో కలిపే ఎంచుకోండి. పాత రీడ్‌తోనే ఊది చూసి కొత్త మౌత్‌పీస్‌ని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

అసలు కిటుకంతా కొన దగ్గరే ఉంది. రీడ్ కొనకూ మౌత్‌పీస్ కొనకూ మధ్య ఉండే సందు బీ ఫ్లాట్ క్లారినెట్‌లో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో పదో వంతు తేడా వచ్చినా పెదవి పసిగట్టేస్తుంది. వాండోరెన్ కంపెనీ మౌత్‌పీస్ బీ45లో ఈ సందు 1.195 మి.మీ., అంటే కాస్త ఎక్కువే. దానికి గట్టి రీడ్ బిగిస్తే స్వరం కన్నా గాలి చప్పుడే ముందు వినిపిస్తుంది, తెలియకుండానే మౌత్‌పీస్‌ని కొరకడం మొదలెడతారు. సందు తక్కువున్నదానికి మరీ మెత్తటి రీడ్ పెట్టారా, గట్టిగా ఊదగానే అది మూసుకుపోయి స్వరం నొక్కుకుపోతుంది. సందు అంకె ఒక్కటే చూసి కొనడమూ పొరపాటే. రీడ్‌కి ఎదురుగా ఉండే వంపు, అదే ఫేసింగ్, పొడుగ్గా ఉంటే అదే సందుకి ఇంకాస్త గట్టి రీడ్ కూడా నప్పుతుంది.

మౌత్‌పీస్ లోపల, కొన వెనకే రీడ్‌కి ఎదురుగా ఉండే గోడ, అదే బాఫిల్, ఎత్తుగా ఉంటే నాదం పదునుగా వస్తుంది. గదిలో ఒంటరిగా వాయిస్తే ముచ్చటేస్తుంది గానీ, బృందంలో చెవికి గుచ్చుకోవచ్చు. మౌత్‌పీస్‌ని బట్టి శ్రుతి కూడా మారుతుంది. వాండోరెన్ 13 సిరీస్ రకాలు మామూలువాటికన్నా కొంచెం తక్కువ శ్రుతిలో, 'ఎ' స్వరం 440 హెర్ట్జ్‌కి దగ్గరగా పలుకుతాయి. అందుకని ట్యూనర్ పెట్టుకుని కింది స్వరాలనూ, రిజిస్టర్ కీ నొక్కితే వచ్చే పై స్వరాలనూ జతలు జతలుగా సరిచూడండి.

గట్టిగా ఊదితే ఏ మౌత్‌పీస్ అయినా బాగానే పలుకుతుంది. వీలైనంత సన్నగా, నాలుకతో మొదలుపెట్టి చూడండి, గుట్టు అక్కడే బయటపడుతుంది.

కీచుమంటుంటే ముందు గాలి ఎక్కడైనా తప్పించుకుంటోందేమో చూడాలి. తడి రీడ్ బిగించిన మౌత్‌పీస్ అడుగు రంధ్రాన్ని అరచేత్తో మూసి, గాలి లోపలికి పీల్చి, నోట్లోంచి తీసేయండి. రీడ్ ఒక క్షణం అతుక్కుని ఉండి 'టప్' మని విడిపోతే సరే. వెంటనే విడిపోతే రీడ్ మార్చి మళ్లీ చేయండి. అప్పుడూ అంతేనంటే అంచు పెచ్చు ఊడిందేమో, రీడ్ ఆనే చోటు వంగిందేమో వెతకాలి. అలాగని గరుకు కాగితం పట్టుకోకండి, అంచు వెంట్రుకవాసి అరిగినా స్పందన మారిపోతుంది. అది నిపుణుల పని.

ఎబోనైట్, అంటే గట్టి రబ్బరు, మౌత్‌పీస్‌ని వేడినీళ్లతో కడగొద్దు, ఎండలో వదలొద్దు. రంగు మారుతుంది, వేడి ఎక్కువైతే ఆకారమే వంగిపోతుంది.

కచేరీ రోజున పాత మౌత్‌పీస్‌ని, దానికి అలవాటైన రీడ్‌తో సహా, పెట్టెలోనే ఉంచుకోండి.