ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని పడుకునేవారికి జాగ్రత్తలు

వినాయక చవితి పందిళ్ళు లేచిన నాటి నుంచి కార్తిక మాసం వరకు విశాఖలో నిద్రకు రెండు గండాలు. మొదట మైకులు, డీజేలు, నిమజ్జనం డప్పులు. అవి సద్దుమణిగాక అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. మొదటి గండం కోసం మందుల దుకాణంలో కొన్న ఇయర్‌ప్లగ్‌లు అలవాటైపోయి, గాలివాన రాత్రి కూడా చెవుల్లోనే ఉండిపోతాయి. రెండు మూడేళ్ళుగా వాటిని వాడుతున్న నేను కూడా ఆ పొరపాటు చేసినవాడినే.

చెవులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు శుభ్రంగా వాడుకుంటే ఇయర్‌ప్లగ్‌లతో నిద్రపోవడం వల్ల సాధారణంగా హాని లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు శబ్దం 45 డెసిబెళ్ళు దాటకూడదు గాని, జాతీయ రహదారి పక్కన ఇల్లున్నవారిని అడిగితే ఆ అంకె ఎంతవరకు అమలవుతోందో వారే చెబుతారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పిల్లలు ఆడుకునే వేళ పట్టపగలు పడుకోవలసిన ఉక్కు కర్మాగారం ఉద్యోగికైతే ఇది విలాసం కాదు, అవసరం.

అసలు ప్రమాదం చెవికి జరిగేదానికంటే చెవికి వినిపించనిదానిలో ఉంది. మంచి ఫోమ్ ప్లగ్ డబ్బా మీద 33 డెసిబెళ్ళ వరకు శబ్దం తగ్గిస్తుందని రాసి ఉంటుంది. అది ప్రయోగశాలలో కొలిచిన అంకె కాబట్టి సరిగా పెట్టుకోకపోతే అంత తగ్గదు. అయినా మూసిన తలుపు, తిరుగుతున్న ఫ్యాను, వాటికి తోడు ప్లగ్ కలిస్తే ఫోను మోత, కాలింగ్ బెల్లు, పక్క గదిలో పెద్దవారి పిలుపు వినిపించకుండా పోవడానికి అది చాలు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు విషపు ఆవిరి లీకై కమ్ముకున్నప్పుడు జనం గాఢనిద్రలో ఉన్నారు, పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. ఆ వేళ పోలీసులు, ఇరుగుపొరుగువారు తలుపులు బాది ఎందరినో లేపారు. పరిశ్రమల నడుమ ఉన్న ఊళ్ళో పడుకునేవారు, తలుపు బాదితే వినిపించేంత చెవి ఖాళీ ఉంచుకోవాలన్నది నా అభిప్రాయం.

అందుకు మార్గాలు కష్టమైనవేమీ కావు. ఇంట్లో ఇద్దరు పెద్దవారు ఉంటే ఒక రాత్రి ఒకరే పెట్టుకోవాలి. ఒంటరిగా ఉండేవారు ఎక్కువ శబ్దం ఆపే రకం కాకుండా తక్కువ డెసిబెళ్ళ రకం ఎంచుకుని, చేతి గడియారంలో గాని, దిండు కింద ఫోనులో గాని వైబ్రేషన్ ఉంచుకోవాలి. చంటిపిల్లలున్న తల్లి, మంచాన పడ్డవారిని చూసుకునేవారు ఆ బాధ్యత మరొకరికి అప్పగించిన రాత్రే వాడాలి. ఇక వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక కేంద్రం విశాఖలోనే ఉంది. కోస్తాకు తుపాను హెచ్చరిక వెలువడిన రోజు నుంచి, గాలివాన పూర్తిగా తగ్గేవరకు, ప్లగ్‌లు డబ్బాలోనే ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పట్టపగలు తీరం దాటింది. వచ్చేది కూడా పగలే వస్తుందని చెప్పలేము.

చెవి విషయానికి వస్తే, మన ఉక్కపోతే పెద్ద శత్రువు. చెవి కాలువ సుమారు రెండున్నర సెంటీమీటర్లే ఉంటుంది. అందులోని గులిమి తనంతట తానే బయటికి జరుగుతూ వస్తుంటే, రోజూ పెట్టే ప్లగ్ దానిని వెనక్కి నెట్టి గట్టిపరుస్తుంది. లోపల చిక్కిన తేమలో సూక్ష్మక్రిములు, బూజు సులువుగా పెరుగుతాయి. నేను ఒకే ఫోమ్ జతను చొక్కా జేబులో వేసుకుని పదిహేను రోజులు వాడాను. తెల్లగా కొన్నది లేత పసుపు రంగుకు తిరిగి, నొక్కితే మళ్ళీ విచ్చుకోవడం మానేసినా పట్టించుకోలేదు. మొదట దురద, తరువాత చెవి తమ్మె పట్టుకుని లాగితే ప్రాణం పోయేంత నొప్పి. కొబ్బరినూనె చుక్క వేసుకోమని మా పిన్ని చెప్పింది. కర్ణభేరికి చిల్లు ఉన్నా, చీము పట్టినా నూనె పోయడం కీడే చేస్తుంది కాబట్టి వేసుకోకపోవడమే మంచిదయింది.

తలంటు పోసుకున్నా, ఆర్కే బీచ్‌లో సముద్రస్నానం చేసినా చెవులు పూర్తిగా ఆరేవరకు ప్లగ్ జోలికి పోకూడదు. ఫోమ్ రకాన్ని కొద్ది రోజులకే పారవేయాలి. కడిగితే దాని మెత్తదనం పోతుంది. సిలికాన్ రకాన్ని తేలికపాటి సబ్బుతో కడిగి, నీడన పూర్తిగా ఆరనిచ్చి, గాలి ఆడే డబ్బాలో పెట్టుకోవాలి. మైనంలా మెత్తగా ఉండే సిలికాన్ ముద్ద చెవి గుంటను పైనుంచి కప్పడానికే గాని లోపలికి దూర్చడానికి కాదు. దూది పెద్దగా పనిచేయదు, పైగా పోగులు లోపలే ఉండిపోతాయి.

పెట్టుకునే తీరు కూడా చెప్పుకోవాలి. కడిగిన చేతులతో ఫోమ్‌ను సన్నటి పుల్లలా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి జొనిపి, అది ఉబ్బే వరకు అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. కొస వేళ్ళకు అందేలా బయట ఉండాలి. పూర్తిగా లోపలికి పోతే పిన్నీసు, పుల్ల, చిమటా వేటితోనూ కెలకకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఉదయం తీసేటప్పుడు ఒక్కసారిగా లాగితే లోపలి గాలి పీడనం మారి కర్ణభేరికి నొప్పి చేస్తుంది, అందువల్ల నెమ్మదిగా మెలితిప్పుతూ తీయాలి.

చెవి కారుతున్నవారు, కర్ణభేరికి చిల్లు ఉన్నవారు, చెవి ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా వీటిని వాడకూడదు. మధుమేహం ఉన్నవారికి చెవి ఇన్ఫెక్షన్ ముదిరే అవకాశం ఎక్కువ కనుక మొదటి దురదకే మానేయాలి. చెవిలో హోరు ఉన్నవారికి బయటి శబ్దం ఆగితే ఆ హోరు మరింత బిగ్గరగా అనిపించవచ్చు. చిన్నపిల్లలు మింగే ప్రమాదం ఉంది కాబట్టి వారికి పెట్టడమూ వద్దు, వారికి అందేలా ఉంచడమూ వద్దు.

నొప్పి, చీము, తల తిరగడం కనిపించినా, ప్లగ్ తీశాక కూడా చెవి దిబ్బడగా ఉండి వినికిడి తగ్గినట్లు తోచినా ఆలస్యం చేయకూడదు. చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు నగరంలో ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రే ఉంది. వెళ్ళేటప్పుడు వాడిన ప్లగ్‌ను కూడా కాగితంలో చుట్టి తీసుకువెళ్ళి చూపించండి.