డాస్‌బాక్స్‌లో మౌస్ చేతికి చిక్కట్లేదా?
బెంగళూరు ఎస్పీ రోడ్డులో ముచ్చటపడి కొన్న గేమింగ్ మౌస్‌తో డాస్‌బాక్స్‌లో (పాత డాస్ గేమ్‌లని ఇప్పటి కంప్యూటర్లో నడిపే ప్రోగ్రామ్) పాత గేమ్ ఆడితే బాణం గుర్తు ఒక్కోసారి ఈ మూల నుంచి ఆ మూలకి ఎగిరిపోతుంది. అలాగని విండోస్‌లో మౌస్ స్పీడ్ తగ్గించకండి, మిగతా పనులన్నీ నత్తనడక నడుస్తాయి. స్టార్ట్ మెనూలో డాస్‌బాక్స్ ఆప్షన్స్ నొక్కితే ఒక టెక్స్ట్ ఫైల్ తెరుచుకుంటుంది. పైభాగంలోనే, ఎస్‌డీఎల్ ([sdl]) అన్న శీర్షిక కింద, సెన్సిటివిటీ (sensitivity=100) అని ఉంటుంది, అదే మౌస్ వేగం. దాన్ని 40 చేసి సేవ్ కొట్టి, డాస్‌బాక్స్ మూసి మళ్లీ తెరవండి. మరీ మొద్దుబారితే కొంచెం పెంచుకోండి. అన్నట్టు, మౌస్ ఆ విండోలోనే ఇరుక్కుపోతే కంగారక్కర్లేదు, కంట్రోల్, ఎఫ్10 కలిపి నొక్కితే బయటికొస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి.