కనిపించని దెయ్యాన్ని పరుగెత్తించే షాట్ తీయడం ఎలా

1981లో విడుదలైన అమెరికన్ చిత్రం ‘ది ఈవిల్ డెడ్’ను, భయానికి హాస్యాన్ని ధారాళంగా కలిపి 1987లో వచ్చిన ‘ఈవిల్ డెడ్ 2’ను చూసినవారికి అడవిలో నేలబారుగా దూసుకొచ్చే అదృశ్య భూతం గుర్తుండే ఉంటుంది. భూతం కనిపించదు, దాని చూపుగా కెమెరాయే పరుగెత్తుతుంది. మొదటి చిత్రానికి ఖరీదైన పరికరాలు సమకూర్చుకునే స్తోమత లేని దర్శకుడు శామ్ రైమీ బృందం, కెమెరాను పొడవాటి చెక్కకు నడుమ బిగించి, చెరొక కొస పట్టుకొని ఇద్దరు పరుగెత్తే పద్ధతిని ఆశ్రయించింది. పేదరికంలో పుట్టిన ఇంత అందమైన ఉపాయం మరొకటి నాకు తెలియదు.

మీరు ఆరడుగుల తేలికపాటి చెక్కపట్టీ తీసుకొని, సరిగ్గా మధ్యలో ఫోన్ హోల్డర్‌ను మరలతో గట్టిగా బిగించండి. పొడవైన చెక్క చప్పున అటూ ఇటూ తిరగదు. పైగా ఒక కొసన పడిన కుదుపు నడుమకు చేరేసరికి సగమే మిగులుతుంది. ఎక్కువ దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్స్ వాడితే వణుకు తక్కువగా, వేగం ఎక్కువగా కనిపిస్తుంది. ఫోన్ నేలకు అడుగు ఎత్తులోనే ఉండాలి. దారిలోని రాళ్లు, ముళ్లు ముందే ఏరివేసి, పగటి వెలుతురులో రెండుమూడుసార్లు నడిచి చూసుకున్నాకే పరుగెత్తండి.

నవ్వు పండేది మాత్రం షాట్ చివరన. రెండో చిత్రంలో దెయ్యం పట్టిన తన చేతితోనే తాను పోరాడే నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్ ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించినట్లు కనిపించడు, ప్రాణభయంతోనే నటిస్తాడు. మీ నటుడిని కూడా నిజంగా భయపడమనండి. కెమెరా ముఖానికి జానెడు దూరంలో ఆగాక, కట్ చెప్పకుండా మరో మూడు సెకన్లు ఆగండి.