బ్రేక్ ఫ్లూయిడ్ కొనేటప్పుడు సీసా మీది పెద్ద అంకె ఒక్కటే చూడకండి

ట్రాక్ డేకి (సొంత బండిని రేసు ట్రాక్ మీద నడిపే రోజుకి) మొదటిసారి బయల్దేరేవాళ్లు టైర్ల గురించి, ప్యాడ్ల గురించి, ఎగ్జాస్ట్ గురించి కూడా వారం ముందు నుంచే తల బద్దలు కొట్టుకుంటారు. "బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చావ్ రా?" అంటే మాత్రం నీళ్లు నములుతారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై దాకా సొంత కారు నడుపుకుంటూ వెళ్లి, మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో అదే కారుతో తిరిగి, మళ్లీ అందులోనే ఇంటికి రావాల్సినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ట్రైలర్ మీద రేసు కారు తెచ్చుకునేవాళ్లకి ఇవన్నీ ఎప్పుడో తెలుసు.

ముందు అసలు ఏం జరుగుతుందో చూద్దాం. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని కాలిపర్ (చక్రంతో తిరిగే డిస్కుకి పిస్టన్‌తో ప్యాడ్లని నొక్కే భాగం) దాకా మోసుకెళ్లేది ఫ్లూయిడే. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. ల్యాప్ మీద ల్యాప్ గట్టిగా బ్రేకు కొడుతుంటే డిస్కు వేడి ప్యాడ్‌లోకి, అక్కణ్నుంచి పిస్టన్‌లోకి, పిస్టన్ వెనకున్న ఫ్లూయిడ్‌లోకి దిగుతుంది. అది మరిగి బుడగలు పుట్టాయంటే, మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా ఏమీ మిగలదు.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు జబ్బులకి ఒకటే మందు వేస్తారు. పెడల్ రాయిలా గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగనంటోంది అంటే అది ప్యాడ్ ఫేడ్. ప్యాడ్ తట్టుకోలేని వేడికి వెళ్లింది, ఎంత ఖరీదైన ఫ్లూయిడ్ పోసినా ఉపయోగం లేదు, ప్యాడ్లు మార్చాల్సిందే. పెడల్ మెత్తబడి లోపలికి పోతూ, రెండు మూడుసార్లు కొడితే కాస్త పైకి వస్తోంది అంటే అది ఫ్లూయిడ్ మరిగిన లక్షణం. చల్లారాక పెడల్ మళ్లీ బాగానే అనిపిస్తుంది, అక్కడే మోసపోయేది. ఒకసారి మరిగిన ఫ్లూయిడ్‌ని నమ్మకండి.

ఇక గ్రేడ్లు, అంటే సీసా మీద డాట్ (DOT) పక్కన ఉండే అంకెలు. అమెరికా ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత కనీసం ఇంత ఉండాలని లెక్క ఉంది: డాట్ 3కి 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కి 230, డాట్ 5.1కి 260. దీన్ని డ్రై బాయిలింగ్ పాయింట్ అంటారు. గ్లైకాల్ ఈథర్ అనే రసాయనంతో చేసిన ఈ ఫ్లూయిడ్లన్నీ గాల్లో తేమని పీల్చుకుంటాయి. రబ్బరు గొట్టాల్లోంచి, రిజర్వాయర్ (ఫ్లూయిడ్ నింపే డబ్బా) మూత దగ్గర్నుంచి, మీరు ఏమీ చేయకపోయినా. సుమారు 3.7 శాతం నీరు చేరాక కొలిచేది వెట్ బాయిలింగ్ పాయింట్. అది డాట్ 3కి 140, డాట్ 4కి 155, డాట్ 5.1కి 180. అంటే మూడేళ్లుగా ముట్టుకోని డాట్ 4, నిన్న సీల్ తీసి పోసిన డాట్ 3 కంటే ముందే మరిగిపోవచ్చు. అందుకే నా దృష్టిలో ఏ బ్రాండ్ అన్నది రెండో ప్రశ్న, ఎప్పుడు మార్చారన్నది మొదటిది.

రోడ్డు మీదే నడిపేవాళ్లకి పెద్ద ఆలోచన అక్కర్లేదు. రిజర్వాయర్ మూత మీద ఏం రాసి ఉందో చూడండి. డాట్ 3 అని ఉంటే డాట్ 4 పోసుకోవచ్చు, డాట్ 4 అని ఉన్నచోట డాట్ 3 పోయొద్దు. రెండేళ్లకోసారి మార్చండి, మాన్యువల్ అంతకంటే ముందే మార్చమంటే ముందే మార్చండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లయితే నేను ఏడాదిన్నరకే మార్చమంటాను. "మేం ట్రాక్‌కి వెళ్లం కదా" అనుకునేవాళ్లు ఒక్కసారి ఘాట్ రోడ్లు గుర్తు తెచ్చుకోండి. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాన్లు, తిరుమల నుంచో శ్రీశైలం నుంచో మారేడుమిల్లి నుంచో దిగుతూ గేరు తగ్గించకుండా బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే, పాత ఫ్లూయిడ్ అక్కడ కూడా మరుగుతుంది. సెకండ్ గేర్‌లో ఇంజిన్‌తో ఆపుకుంటూ దిగడం ఏ ఫ్లూయిడ్ కంటే అయినా మేలు.

ఏడాదికి ఒకటో రెండో ట్రాక్ డేలు, మామూలు హ్యాచ్‌బ్యాక్ లేదా కేటీఎం 390 లాంటి బైకు అయితే? మొదటిసారి వెళ్తూ ఇంకా లైన్లు (మలుపుల్లో బండి పట్టాల్సిన దారి) నేర్చుకునే స్థాయిలో ఉంటే, మంచి కంపెనీ డాట్ 4 లేదా డాట్ 5.1 ఆ వారంలోనే కొత్తగా మార్చుకుని వెళ్లండి, చాలు. వేగం పెరిగేకొద్దీ అది చాలదు. అప్పుడు ఏటీఈ టైప్ 200 (డ్రై 280, వెట్ 198 డిగ్రీలు), మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 (డ్రై 312, వెట్ దాదాపు 205) వైపు వెళ్లాలి. ఎవరైనా ఒక్క పేరు చెప్పమంటే నేను ఆర్‌బీఎఫ్ 600 చెబుతాను. ఆర్‌బీఎఫ్ 660 డ్రై పాయింట్ 325 కాబట్టి అదే ఇంకా మంచిదని కొంటారు గానీ, దాని వెట్ పాయింట్ కూడా ఇంచుమించు 205 దగ్గరే. అంటే ఆ తేడా ఉండేది కొత్తగా ఉన్నన్నాళ్లే. ప్రతి ట్రాక్ డేకీ మార్చేవాళ్లకి అది లాభం, ఏడాదంతా అలాగే ఉంచేసేవాళ్లకి ఆ డబ్బు దండగ.

క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ కథ వేరు. డ్రై 320 మాత్రమే, అంటే 660 కంటే తక్కువ. కానీ వెట్ 270! తేమ పట్టాక కూడా మామూలు డాట్ 4 కొత్తదానికంటే పైన ఉంటుంది. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, అది నిజం. కారు బరువైనదై, ట్రాక్‌కి తరచూ వెళ్తూ, ప్రతిసారీ చక్రాలు విప్పే ఓపిక లేనివాళ్లకి మాత్రం ఆ లెక్క కుదురుతుంది. మిగతావాళ్లు ఆ డబ్బుతో మంచి ప్యాడ్లు కొనుక్కోండి.

డాట్ 5కీ డాట్ 5.1కీ మధ్య ఉన్నది ఒక్క చుక్క తేడా కాదు. డాట్ 5 సిలికాన్ ఫ్లూయిడ్, మిగతా వాటితో అస్సలు కలపకూడదు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉన్న బండికి పనికిరాదు. డాట్ 3, 4, 5.1 ఒకదానితో ఒకటి కలిసినా ప్రమాదం లేదు, కాకపోతే ఖరీదైనది తెచ్చి పాతదాని మీద పోస్తే దాని గుణం పోతుంది, అంతే. ఇంకొకటి, కొత్త కార్లలో ఈఎస్‌పీ (కారు జారకుండా అదుపు చేసే ఏర్పాటు) ఉన్నవాటికి, ముఖ్యంగా కొన్ని యూరప్ కంపెనీల వాటికి, పల్చటి డాట్ 4 ఎల్‌వీ అడుగుతారు. ఏబీఎస్ పంపులోని సన్నటి వాల్వుల్లో వేగంగా పారాలని. రేసింగ్ ఫ్లూయిడ్లు కొన్ని అంతకంటే చిక్కగా ఉంటాయి. చెన్నై ఎండలో ఆ తేడా తెలియకపోవచ్చు గానీ అదే కారులో చలికాలం లద్దాఖ్ వెళ్లే ప్లాన్ ఉంటే ముందే మాన్యువల్‌లో చెప్పినదానికి మార్చేయండి.

కొనేటప్పుడు సీల్ చూడండి, తయారీ తేదీ చూడండి. షాపులో సగం వాడి పక్కన పెట్టిన డబ్బాలోంచి పోస్తానంటే వద్దనండి. కారు మొత్తానికి ఒక లీటరు దగ్గర పెట్టుకోండి, అర లీటరు సీసాలు రెండైతే మంచిది, రెండోది అవసరమైతేనే సీల్ తీయొచ్చు. బైకుకి పావు లీటరు సరిపోతుంది.

మార్చడానికి ఇద్దరు కావాలి. ముందుగా రిజర్వాయర్‌లోని పాతది సిరంజితో లాగేసి కొత్తది నింపండి. చాలా కార్లలో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని నెట్టే భాగానికి) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు, కానీ అన్నిటికీ అది వర్తించదు, మాన్యువల్ చూడండి. కాలిపర్ మీద ఫ్లూయిడ్ బయటికి వదిలే బ్లీడర్ నిప్పిల్‌కి ముందు రింగ్ పానా తగిలించి, తర్వాత పారదర్శకమైన గొట్టం ఎక్కించండి, తిరగేస్తే మళ్లీ విప్పాలి. లోపల కూర్చున్నవాళ్లు పెడల్ తొక్కి పట్టుకోవాలి, మీరు పావు చుట్టు వదులు చేసి, ఫ్లూయిడ్ వచ్చాక బిగించి "వదులు" అనాలి, అప్పుడే వాళ్లు కాలు తీయాలి. ముందే తీస్తే గాలి వెనక్కి పోతుంది. మొదట్లో టీ డికాషన్ రంగులో వచ్చేది క్రమంగా లేత పసుపుకి తిరుగుతుంది, గొట్టంలో ఆవగింజంత బుడగ కూడా కనిపించనంత వరకు చేయండి. కాలిపర్‌కి లోపలా బయటా రెండు నిప్పిళ్లు ఉంటే రెండిట్లోంచీ తీయాలి. పాత కారైతే పెడల్‌ని నేలకి ఆనేదాకా తొక్కనివ్వకండి, కింద చెక్క ముక్క పెట్టండి. మాస్టర్ సిలిండర్‌లో ఎప్పుడూ పిస్టన్ నడవని చోట తుప్పు, మడ్డి ఉంటాయి, సీళ్లు అక్కడ గీసుకుపోతాయి.

మధ్యమధ్యలో రిజర్వాయర్ చూస్తూ ఉండండి. అది ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి వెళ్లిందంటే స్కాన్ టూల్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) ఉన్న వర్క్‌షాప్‌కి పోవాల్సి రావచ్చు. పెయింట్ మీద చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోయండి. బైకువాళ్లు ట్యాంక్ మీద తడి గుడ్డ కప్పుకుని మొదలుపెట్టండి.

ట్రాక్ మీద ప్రతి సెషన్ ముందు కదలకుండా ఉండగానే పెడల్ తొక్కి ఎత్తు ఎంతుందో చూసుకోండి. నడుపుతుండగా మెత్తబడితే రెండుసార్లు గబగబా కొట్టి ఒత్తిడి తెచ్చుకుని, సిగ్నల్ ఇచ్చి, రేసింగ్ లైన్ వదిలేసి నెమ్మదిగా పిట్‌కి (ట్రాక్ పక్కన బళ్లు ఆపే చోటికి) రండి, ఇంకో ల్యాప్ చూద్దాం అనుకోవద్దు. చివరి ల్యాప్ బ్రేకులు దాదాపు వాడకుండా చల్లారడానికే తిరగండి, ఎందుకంటే కారు ఆగాక గాలి తగలదు, డిస్కు వేడి మొత్తం కాలిపర్‌లోకే దిగుతుంది, ట్రాక్ మీద మరగని ఫ్లూయిడ్ పిట్‌లో మరిగిన సందర్భాలున్నాయి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గేర్‌లో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి.

సాయంత్రం హైదరాబాద్ తిరుగు ప్రయాణం 600 కిలోమీటర్ల పైమాటే. ఆ రోజు ఒక్కసారైనా పెడల్ మెత్తబడి ఉంటే, చల్లారాక నాలుగు చక్రాల దగ్గరా కొంచెం కొంచెం ఫ్లూయిడ్ వదిలి గాలి తీశాకే పార్కింగ్ దాటండి. ఆ పనికోసమే రెండో సీసా, రింగ్ పానా, గొట్టం డిక్కీలో ఉండాలి. తీసిన పాత ఫ్లూయిడ్‌ని ఖాళీ సీసాలో పోసి మూత బిగించి తెచ్చేయండి, అక్కడి మట్టిలో పారబోయకండి.