522002 గుణాలను కాగితం మీదే రాబట్టడం ఎలా?

గుంటూరు బ్రాడీపేట చిరునామాల చివర కనిపించే పిన్‌కోడ్ 522002ను ఒక పూర్ణసంఖ్యగా తీసుకుని, దాని గుణాలను క్యాలిక్యులేటర్ లేకుండా రాబట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ముందుగా దాన్ని ప్రధాన కారణాంకాల లబ్ధంగా రాయాలి. మిగతా గుణాలన్నీ అందులోంచే వస్తాయి.

సరిసంఖ్య కనుక 2తో భాగిస్తే 261001 వస్తుంది. అంకెల మొత్తం 10 కాబట్టి 3తో భాగం పోదు, చివరి అంకెను బట్టి 2తోనూ 5తోనూ పోదు. తరువాత 7, 11, 13లతో మూడు భాగహారాలు విడివిడిగా చేయనక్కరలేదు. 7 × 11 × 13 = 1001 కావడం వల్ల, సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడదీసి, ఒక గుంపును కూడుతూ తరువాతి గుంపును తీసివేస్తూ పోతే మిగిలే చిన్న సంఖ్యను పరీక్షిస్తే చాలు. ఇక్కడ 261కీ 001కీ తేడా 260. అది 13తో భాగం పోతుంది, 7తోనూ 11తోనూ పోదు. విజయవాడ పిన్‌కోడ్ 520001కి ఆ తేడా 519 కనుక, ఆ మూడింటిలో ఏదీ దాని కారణాంకం కాదని ఒక్క తీసివేతతోనే తేలిపోతుంది. పన్నెండు అంకెల సంఖ్యకైనా ఇదే పద్ధతి పనిచేస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇదే.

261001ని 13తో భాగిస్తే 20077, దాన్ని 17తో భాగిస్తే 1181 వస్తాయి. ఇక్కడ తొందరపడకూడదు. చూపుకు 1183 కూడా 1181 లాగే ఉంటుంది, కానీ అది 7 × 13 × 13. 1181 వర్గమూలం 35 కంటే తక్కువ కాబట్టి 31 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో పరీక్షించాలి. 13 వరకు ఉన్నవి 20077నే భాగించవు కనుక 1181నీ భాగించవు. 17, 19, 23, 29, 31లతో భాగిస్తే వరుసగా 8, 3, 8, 21, 3 శేషాలు వస్తాయి. అంటే 1181 ప్రధాన సంఖ్యే.

522002 = 2 × 13 × 17 × 1181

ప్రతి కారణాంకమూ ఒక్కసారే వచ్చింది కనుక భాజకాలు 2 × 2 × 2 × 2 = 16. వాటి మొత్తం 3 × 14 × 18 × 1182 = 893592.

రెండు వర్గాల మొత్తంగా రాయడం ఇంకా ఆసక్తికరం. 13, 17, 1181 మూడూ 4తో భాగిస్తే 1 శేషాన్నిచ్చే ప్రధాన సంఖ్యలు. అలాంటి ప్రతిదాన్నీ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చని ఫెర్మా చెప్పగా ఆయిలర్ నిరూపించాడు. 13 = 3² + 2², 17 = 4² + 1², 1181 = 34² + 5². వీటిని కలపడానికి బ్రహ్మగుప్తుడు 628లో ఇచ్చిన సూత్రం ఉపయోగపడుతుంది. (3, 2), (4, 1) జతలలో మొదటివాటి లబ్ధం నుంచి రెండోవాటి లబ్ధాన్ని తీసివేస్తే 12 − 2 = 10, అడ్డగుణకారం చేసి కూడితే 3 + 8 = 11; కనుక 221 = 10² + 11². దీన్ని (34, 5)తో కలిపితే 285, 424 వస్తాయి. చివరగా 2 కోసం (1, 1)తో కలిపితే గుర్తును వదిలేసి 139, 709 మిగులుతాయి. సరిచూస్తే 19321 + 502681 = 522002. మధ్యలో కూడికను తీసివేతగా, తీసివేతను కూడికగా మారిస్తే మరో మూడు విధాలు దొరుకుతాయి; వాటిలో ఒకటి 691² + 211².